పాతది ముందా, కొత్తది ముందా

ఆఫీసులో అందరూ ఆవిడని పిన్నిగారనే పిలుస్తారు. చేరిన మొదటి వారంలో పక్క సీటు అమ్మాయి నోరు జారి "పిన్నిగారూ, ప్రింటర్ ఆగిపోయింది" అనేసి నాలిక కరుచుకుంది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఆరేళ్ళయింది. ఇప్పుడు మేనేజరు కూడా మీటింగుల్లో పిన్నిగారనే అంటాడు.

కంపెనీ చిన్నది. ఏడుగురు మనుషులు, రెండు గదులు, మెట్ల కింద ఒక కాఫీ మిషను. నాలుగు కంటి ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసిపెడతారు. ఎవరికి ఏ కంటికి ఆపరేషనైంది, ఎప్పుడైంది, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. ఆ ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఒక లైబ్రరీ ఉంది. పుస్తకాల లైబ్రరీ కాదు. మాటిమాటికీ కావలసిన చిన్న చిన్న లెక్కల్ని ఒకసారి రాసి అక్కడ పెడతారు. ఎవరికి అవసరమొస్తే వాళ్ళు ఆ లెక్కని పేరు పెట్టి పిలిచి, కావలసిన సంగతులు చేతికిస్తే, జవాబు చెబుతుంది. ఒక్కో లెక్కని ఫంక్షన్ అంటారు.

ఆ లైబ్రరీకి పునాది వేసింది గురువుగారు. అరవైకి దగ్గరపడిన మనిషి, తక్కువ మాటలు, ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరని చొక్కా. కంపెనీ పెట్టిననాడు ఉన్నవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. ఆయన మొదలుపెట్టాక పన్నెండేళ్ళలో ఎంతోమంది వచ్చారు, తలా ఒక చెయ్యి వేశారు, వెళ్ళిపోయారు. ఇప్పుడు అందులో అరవై ఒక్క ఫంక్షన్లు. ఏ ఒక్కదాన్నీ తప్పుపట్టడానికి లేదు, దేనికది పనిచేస్తుంది. వచ్చిన చిక్కల్లా రెండిటిని పక్కపక్కన పెట్టినప్పుడే.

రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో చెప్పే ఫంక్షన్‌కి పాత తేదీ ముందివ్వాలి, కొత్త తేదీ తర్వాతివ్వాలి. ఎన్ని వారాలో చెప్పేదానికి కొత్తది ముందు. నెలలకి మళ్ళీ పాతది ముందు. గంటలకి కొత్తది ముందు. పేషెంటుని పేరుతో వెతికితే, దొరకనప్పుడు ఖాళీ చేతులు చూపిస్తుంది. నంబరుతో వెతికితే మైనస్ ఒకటి అంటుంది. ఫోను నంబరుతో వెతికితే ఏకంగా ప్రోగ్రామునే ఆపేసి కూర్చుంటుంది.

"గురువుగారూ, ఇదేం ఖర్మండీ? ఒక ఇంట్లో పుట్టినవాటికి ఒక పద్ధతి ఉండక్కర్లేదా?" అని చేరిన కొత్తల్లో అడిగింది పిన్నిగారు.

"డాక్యుమెంట్‌లో రాసుంది కదమ్మా. చూసుకుని వాడు," అన్నాడాయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

రాసుంది, నిజమే. ప్రతిసారీ తెరిచి చూడాలి. పగలంతా యాభై సార్లు తెరవాలి. యాభై ఒకటోసారి ఎవరికైనా బద్ధకం వేస్తుంది.

ఆ యాభై ఒకటోసారి ఒక చలికాలం మధ్యాహ్నం వచ్చింది. ఒక ఆసుపత్రి డాక్టరు, ఆపరేషనైనవాళ్ళకి మళ్ళీ రమ్మని పంపే మెసేజి గడువు రోజుల్లో కాకుండా వారాల్లో పెట్టుకునేలా చెయ్యమన్నాడు. ముప్ఫై అయిదు రోజులు అనే బదులు అయిదు వారాలు. పావుగంట పని. రోజుల ఫంక్షన్ పేరు ఉన్నచోట వారాల ఫంక్షన్ పేరు పెట్టింది పిన్నిగారు. వెనకున్న రెండు తేదీల్నీ కదపలేదు. ఆపరేషను తేదీ ముందు, ఇవాళ్టి తేదీ తర్వాత, ఉన్నవి ఉన్నట్టే ఉంచింది.

పరీక్షించకుండా వదిలిందనడానికి లేదు. ఒక ఉత్తుత్తి పేషెంటుని సృష్టించి, ఆ రోజే ఆపరేషనైనట్టు రాసి, గడువు సున్నా వారాలు పెట్టి చూసింది. మెసేజి టంచనుగా వచ్చింది. సున్నాని ఎటు తిప్పినా సున్నాయే కదా. గురువుగారు ఒకసారి చూసి "సరే" అన్నాడు. ఆయన కంటికీ ఒక మాటే మారినట్టు కనిపించింది మరి.

మర్నాటి నుంచి ఆ ఆసుపత్రిలో ఆపరేషనై అయిదు వారాలు నిండినవాళ్ళకి లెక్క మైనస్ అయిదు వారాలని తేలింది. మైనస్ అయిదు ఎప్పటికీ అయిదుని దాటదు. ఒక్క మెసేజీ వెళ్ళలేదు. ఏ ఎర్రదీపమూ వెలగలేదు, ఎవరి తెర మీదా తప్పు కనిపించలేదు.

ఏడు వారాల తర్వాత ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు ఫోను చేసింది.

"ఏమ్మా, మీ మిషను పనిచేస్తోందా అసలు? ఆరు వారాల వాళ్ళు చాలామంది రావడం మానేశారు. ఇదివరకు కుర్చీలు చాలేవి కావు, ఇప్పుడు ఈగలు తోలుకుంటున్నాం. ఇవాళొకావిడ పదకొండో వారంలో వచ్చింది, కన్ను చింతనిప్పులా పెట్టుకుని."

పిన్నిగారు ఫోను పెట్టకుండానే మిషను ముందుకి జరిగింది. ప్రోగ్రాము తెరిచింది, ఆ లైను చూసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తేదీలు అటుదిటు మార్చింది, గంటలో సరైన ప్రోగ్రాము ఆసుపత్రికి వెళ్ళిపోయింది. మెసేజి అందనివాళ్ళు అరవై నలుగురని తేలింది. సగానికి పైగా తమంతట తామే గుర్తుపెట్టుకుని వచ్చారు. రానివాళ్ళు ఇరవై ముగ్గురు. సాయంత్రం దాకా కూర్చుని పెద్ద నర్సూ ఆవిడా చెరో జాబితా పట్టుకుని ఫోన్లు చేశారు.

మర్నాడు, మేనేజరు వద్దంటున్నా, పిన్నిగారు ఆసుపత్రికి వెళ్ళింది. ఆ పదకొండో వారం ఆవిడ బట్టలు కుట్టే మనిషి. వరండాలో బెంచీ మీద, కంటికి ప్లాస్టిక్ మూత పెట్టుకుని కూర్చుని ఉంది. ఆరో వారంలో తీయాల్సిన కుట్టు వదులై గుచ్చుకుని చీము పట్టింది. డాక్టరు కుట్టు తీసి, గంటకోసారి మందు వెయ్యమన్నాడు.

"నొప్పిగా ఉన్నప్పుడే రావాల్సింది కదండీ," అంది పిన్నిగారు పక్కన కూర్చుంటూ.

"మెసేజి పంపిస్తామన్నారమ్మా. రాకపోతే, రావాల్సిన పనిలేదు కాబోలు, అంతా బాగానే ఉందనుకున్నాను. ఆపరేషనన్నాక ఆమాత్రం గుచ్చుకుంటుంది లెమ్మనుకున్నా."

"ఆ మెసేజి రాకపోవడం నావల్లేనండీ."

ఆవిడ మంచి కన్నుతో తేరిపార చూసింది. "ఏం చేశావ్?"

"రెండు తేదీలుంటే, ముందుండాల్సింది వెనక, వెనకుండాల్సింది ముందు పెట్టాను."

"అంతేనా?"

"అంతేనండీ."

ఆవిడ తిట్టి ఉంటే పిన్నిగారికి కొంచెం తేలిగ్గా ఉండేది. ఆవిడ తిట్టలేదు. "ఆమాత్రానికే ఇంత అవుతుందా!" అంది. తర్వాత మందు వేళైందని, సీసా మూత తీసిపెట్టమని పిన్నిగారికి అందించింది.

ఆ మధ్యాహ్నమే మేనేజరు మీటింగు పెట్టాడు.

"మానవ తప్పిదం. ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు చేతులు దులుపుకున్నంత తేలిగ్గా. "పిన్నిగారూ, మీరో వివరణ రాసివ్వండి. 'నా అజాగ్రత్త వల్ల' అని ఒక ముక్క ఉండాలి. ఆసుపత్రికి పంపేస్తే అయిపోతుంది."

"రాస్తాను. ఇంకో ఆర్నెల్లకి మా పక్క సీటు అమ్మాయి ఇదే గోతిలో పడితే? అప్పుడు తనచేతా రాయిస్తారా?"

"గొయ్యేంటండీ?"

"రోజులకి పాతది ముందు, వారాలకి కొత్తది ముందు. గొయ్యి కాకపోతే ఏమిటి మరి?"

గురువుగారు నెమ్మదిగా అన్నాడు: "డాక్యుమెంట్‌లో రాసే ఉందమ్మా."

పిన్నిగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిస్తే ఏమంటుందోనని తనకే భయమేసి, కాగితాలు సర్దుకుని లేచిపోయింది.

ఆవిడ భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. రాత్రి వంట దగ్గర ఆవిడ చెప్పిందంతా విని, "రెండు తేదీలే కదా, ఏది ముందో చూసుకోవాల్సింది," అన్నాడు. ఆవిడ గరిటె గిన్నెలోనే వదిలేసి హాల్లోకి వెళ్ళి కూర్చుంది. "నేనేమన్నానని!" అని ఆయన వంటింట్లోంచి రెండుసార్లు కేకేశాడు. స్టవ్ ఆయనే కట్టేశాడు.

మూడో రోజు ఆయనే వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "ఇవాళ స్కూలుకి కొత్త కారొచ్చింది. వేరే కంపెనీది. మలుపు దగ్గర సిగ్నల్ వేద్దామని మీట నొక్కితే అద్దం మీద వైపర్లు లేచాయి. ఈ కారులో ఆ మీటలు అటుదిటు. ఫెళఫెళలాడే ఎండలో వైపర్లు! ఒకసారి కాదు, తొమ్మిది సార్లు. నేర్చుకోవడానికొచ్చినావిడ ముందు పరువు పోయింది."

"చూసుకోవాల్సింది," అంది ఆవిడ.

"సరే, సరే. అందుకేగా చెబుతున్నాను."

ఆవిడ ఎంత ఆపుకున్నా నవ్వాగలేదు. వివరణ మాత్రం రాయలేదు. దాని బదులు ఆ ఆదివారం ఒక కాగితం తయారుచేసింది. లైబ్రరీలోంచి పది ఫంక్షన్ల పేర్లు ఏరి, ఒక్కోదాని ఎదుట రెండు గళ్ళు గీసింది: ఇది ముందా, అది ముందా. రెండిట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి, అంతే.

సోమవారం పొద్దున అందరూ కాఫీ కప్పులతో ఉండగా తలా ఒకటి పంచింది. "డాక్యుమెంట్ చూడకూడదు. అయిదు నిమిషాలు. ఇవన్నీ మనం రోజూ వాడేవే."

"ఏంటండీ ఇది, పరీక్షలా?" అన్నాడు మేనేజరు.

"మీరూ రాయండి. ఒకప్పుడు మీరూ ఈ పనే చేశారుగా."

అందరూ పెన్నులు తీశారు. గురువుగారు అందరికంటే ముందే రాసి, కాగితం బోర్లించి పెట్టాడు. పిన్నిగారు నిలబడే దిద్దింది. మేనేజరుకి నాలుగు. పక్క సీటు అమ్మాయికి ఏడు, అదే ఎక్కువ. మిగతావాళ్ళు అయిదు, ఆరు, ఆరు. కాగితం తయారుచేసిన పిన్నిగారు ముందు రోజు తనకి తాను పెట్టుకుంటే వచ్చినవి ఆరు. అదీ దాచకుండా చెప్పింది. గురువుగారికి అయిదు.

"నాణెం ఎగరేసినా అయిదొస్తాయి," అన్నారెవరో వెనక నుంచి. గురువుగారి మొహంలో రంగు మారింది. ఆ పదిలో ఏడు ఆయన స్వహస్తాలతో రాసినవే.

పిన్నిగారికి గెలిచినట్టనిపించలేదు. ఆయన లేచి, కుర్చీని బల్ల కిందికి నెట్టి, లోపలి గదిలోని తన సీటుకి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా కాఫీకి కూడా బయటికి రాలేదు. 'పెద్దమనిషిని పదిమందిలో నిలబెట్టానే' అని ఆవిడకి ఒకపక్క పీకుతూనే ఉంది. 'మరి ఆ బెంచీ మీద కూర్చున్నావిడ సంగతో!' అని ఇంకోపక్క మండుతూనే ఉంది.

మర్నాడు ఆవిడ వచ్చేసరికే ఆయన ఆవిడ బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"రోజులది నేను రాశాను," అన్నాడు నమస్కారం కూడా లేకుండా. "మాట్లాడే వరసలో రాశాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అంటాం కదా, అలా. వారాలది అప్పట్లో ఇక్కడ పనిచేసిన ఒక లెక్కల మాస్టారు రాశాడు. ఆయనకది తీసివేత. పెద్దదాన్ని ముందు రాసి చిన్నదాన్ని తీసెయ్యాలి. ఆయన పద్ధతిలో ఆయనదీ ఒప్పే. తర్వాత వచ్చినవాళ్ళు ఎవరికి ఏది కంటబడితే దాన్ని చూసి రాశారు."

"మీరు చూడలేదా?"

"చూశానమ్మా. ఆ రోజే చూశాను. చెబుదామనుకున్నాను. పనిచేస్తోంది కదా, మళ్ళీ గొడవెందుకని ఊరుకున్నాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పన్నెండేళ్ళు ఊరుకున్నాను."

ఆవిడ వెంటనే మెటికలు విరుచుకుంది. "అయితే ఇవాళే తిప్పేద్దాం. కొత్తది ముందున్నవాటినన్నిటినీ పాతది ముందుకి మార్చేస్తే పోతుంది."

"పోయేది అది కాదు, మన కొంప. ఈ ఫంక్షన్లని మూడొందల చిల్లర చోట్ల పిలుస్తున్నాం. ఇవాళ సరిగ్గా ఉన్న ప్రతి చోటూ రేపు తప్పయిపోతుంది. అదీ నోరెత్తకుండా, నీ మెసేజీల్లాగే."

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆవిడ పని. ఉన్నది ఉన్నట్టు ఉంచితే ఒక తంటా, మారిస్తే ఇంకో తంటా. వారం రోజులు వాదించుకున్నారు. గురువుగారు ఒకటంటే ఆవిడ ఇంకొకటి. చివరికి తేలిందేమిటంటే, పాతవాటి జోలికి పోకుండా పక్కనే కొత్త పేర్లతో కొత్త ఫంక్షన్లు రాయాలి. అన్నిటికీ ఒకటే వరస, పాతది ముందు, కొత్తది తర్వాత. ఎవరైనా తిరగేసి ఇస్తే ఊరుకోకూడదు, అక్కడే ఆగి అరవాలి. వెతికేవన్నీ దొరకనప్పుడు ఒకే మాట చెప్పాలి. ఆ తర్వాత మూడొందల చిల్లర చోట్లకీ ఒక్కొక్కదానికీ వెళ్ళి, చూసి, చేత్తో మార్చాలి. చివరి చోటు కూడా మారాకే పాతవి తీసెయ్యాలి.

"ఎన్నాళ్ళు?" అన్నాడు మేనేజరు.

"నాలుగు నెలలు," అన్నాడు గురువుగారు.

"నాలుగు నెలలా! కొత్తగా ఏమొస్తుంది?"

"ఏమీ రాదు," అంది పిన్నిగారు. మేనేజరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, సరే కానివ్వండన్నాడు. ఆ వివరణ సంగతి మళ్ళీ ఎత్తకపోవడానికి కారణం ఆ నాలుగు మార్కులేనని పక్క సీటు అమ్మాయి అనుమానం.

పని ఎంత విసుగ్గా ఉంటుందో ఆవిడ ముందు ఊహించలేదు. రోజుకి నాలుగైదు చోట్లు. ప్రతి చోటా ఆగి, ఇక్కడున్న తేదీల్లో ఏది పాతది, ఈ రాసినవాడి మనసులో ఏముంది అని తవ్వుకోవాలి. గురువుగారు పక్కన కూర్చుని పైకి చదివేవాడు, ఆవిడ మార్చేది. మూడో వారానికి తలప్రాణం తోకకొచ్చింది. మధ్యలో ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. అదృష్టం కొద్దీ ఎవరి కంటికీ సంబంధించినవి కావు.

రెండో నెల్లో ఒక లైను దగ్గర గురువుగారు చదవడం ఆపేశాడు.

"ఇక్కడ గంటల తేడా తిరగేసి రాసుంది. కానీ జవాబు సరిగ్గానే వస్తోంది. ముందు ఒక మైనస్ పెట్టారు. పక్కనే ఒక మాట కూడా రాశారు: 'ఎందుకో తెలీదు, మైనస్ పెడితే పనిచేస్తోంది.'"

"ఎవడండీ ఆ మహానుభావుడు?" పిన్నిగారు కుర్చీలో గిర్రున తిరిగింది. "తప్పని తెలిసినవాడు నలుగురికీ చెప్పొద్దూ? తన పని గడిచిపోతే చాలా? వీళ్ళవల్లేనండీ మనకీ తిప్పలు. పేరు చూడండి, ఎక్కడున్నా ఫోను చేసి కడిగేస్తాను."

ఎవరు ఎప్పుడు రాశారో మిషను దాచుకుంటుంది. గురువుగారు చూశాడు. చూసి తెర ఆవిడ వైపు తిప్పాడు. మూడేళ్ళ కిందటి తేదీ. ఎదురుగా ఆవిడ పేరే.

ఆవిడకి ఆ రోజు గుర్తొచ్చింది. కూతురికి జ్వరం. తొందరగా ఇంటికెళ్ళాలి. లెక్క మైనస్‌లో వస్తోంది. డాక్యుమెంట్ తెరిచే ఓపిక లేక, ముందో మైనస్ తగిలించి బ్యాగు భుజానేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ ఆ మైనస్ చెరిపేసి, అక్కడ కొత్త ఫంక్షన్ పేరు పెట్టింది.

"పనిచేసింది కదా అనుకున్నాను," అంది చివరికి, గొంతు తగ్గించి.

"అవునమ్మా," అన్నాడు గురువుగారు. "కాఫీ తాగుదాం, పద."

ఆ కాఫీ దగ్గరే ఆవిడ, ఆ రోజు కాగితాల సంగతికి, ఆయనకి క్షమాపణ చెప్పుకుంది. ఆయన కప్పులోకి చూస్తూ, "ఆ పదిలో మూడోది నేనసలు తప్పు చెయ్యకుండా ఉండాల్సింది," అన్నాడు. ఆయన బాధ అదీ.

కుట్టుపని ఆవిడ కన్ను మూడు వారాలకి నెమ్మదించింది. పూర్తిగా చూపు తేరుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఈలోపు ఒక బడి పిల్లల యూనిఫారాలన్నీ వేరేవాళ్ళకి ఇచ్చేయాల్సొచ్చిందని పెద్ద నర్సు చెప్పింది. పిన్నిగారు వెళ్ళి చూసొచ్చింది. ఆవిడ మామూలుగానే మాట్లాడింది. 'క్షమించాను' అనలేదు, పిన్నిగారూ అడగలేదు.

నాలుగు నెలలన్నది అయిదున్నర అయ్యింది. ఒక బుధవారం మధ్యాహ్నం పాత ఫంక్షన్లన్నిటినీ తీసేశారు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి సాయంత్రం దాకా కూర్చున్నారు. నాలుగు ఆసుపత్రుల నుంచీ ఒక్క ఫోను రాలేదు. మేనేజరు వచ్చి తెర మీద అటూ ఇటూ నొక్కి చూశాడు.

"అన్నీ ఇదివరకులాగే ఉన్నాయే," అన్నాడు. "ఏం మారినట్టు?"

గురువుగారు గట్టిగా దగ్గాడు. పిన్నిగారు నీళ్ళసీసా తెచ్చుకునే మిషమీద లేచి బయటికెళ్ళింది. లేకపోతే ఆ రోజు ఉద్యోగం పోయేదే.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కొత్తగా ఒకావిడ చేరింది. చేరిన రెండో వారంలో, రెండు పరీక్షల మధ్య ఎన్ని నెలలైందో చూపించే పని ఒకటి ఆవిడకిచ్చారు. మధ్యాహ్నానికి పూర్తి చేసి చూపించింది. పిన్నిగారు ఆ లైను మీద వేలు పెట్టి చూసింది. పాతది ముందు, కొత్తది తర్వాత. సరిగ్గా ఉంది.

"డాక్యుమెంట్ చూశారా?"

"లేదండీ. రోజులది ఒకసారి వాడాను. ఇదీ అలాగే ఉంటుందనుకున్నా."

"అలాగే ఉంటుందని ఎలా అనుకున్నారు?"

కొత్తావిడ అర్థంకానట్టు చూసింది. "అలా కాక ఇంకెలా ఉంటుందండీ?"

పిన్నిగారికి ఒళ్ళు మండిపోయింది. అయిదున్నర నెలలు, మూడొందల చిల్లర చోట్లు, మెడనొప్పి, గురువుగారితో పడిన పోట్లాటలు, అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. గురువుగారు లోపలి గదిలోంచి తొంగిచూస్తూ, వద్దన్నట్టు తలూపాడు.

"ఇంకెలా ఉంటుంది, అలాగే ఉంటుంది," అంది పిన్నిగారు. సరేనని టిక్కు పెట్టి, తన సీటుకొచ్చి కూర్చుంది.